జమానతు పెట్టిన కారు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా, ప్రార్థనకు మోకరించినా ఒకటే మాట. కారా, పైసలా?

హైదరాబాద్‌లో కొత్త విమానాశ్రయం కడుతున్న రోజులవి. రాళ్ళగుట్టల్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. ఇటు కర్ణాటకలో మా బీదర్ బస్టాండులో చాయ్ తాగేవాడు కూడా అక్కడి ఎకరం ధర చెప్పేవాడు. మా తమ్ముడు జీవరాజ్ పనిచేసే విత్తనాల కంపెనీ కూడా హైదరాబాద్‌దే. అదీ పొంగింది. పాత గోదాం వదిలి అద్దాల మేడలోకి మారింది. ఊళ్ళు తిరిగి విత్తనాలు అమ్మించే తమ్ముడిలాంటి వాళ్ళందర్నీ పెద్ద హోటలుకు పిలిచి, బిర్యానీ పెట్టి, ఒక మాట చెప్పి పంపింది. కావాలంటే కంపెనీ కారు తీసుకోండి. వద్దంటే కారు బదులు నెలనెలా జీతంతో పాటు పైసలు తీసుకోండి, మీ బండి మీద మీరు తిరగండి.

"మీ ఇష్టం, మీకే వదిలేస్తున్నాం, అన్నడు మేనేజరు సారు." జీవరాజ్ ఆ గొంతు పెట్టి చెప్పి నవ్వాడు. నవ్వితే నడుము పట్టేసింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ నడుమే అసలు సంగతి. ఔరాద్ నుంచి భాల్కి, భాల్కి నుంచి హుమ్నాబాద్, వెనక సీటు మీద సోయా సంచులు కట్టుకుని ఏళ్ళ తరబడి బైకు తోలాడు. గుంతల్లో ఎగిరెగిరి వెన్ను అరిగింది. ఇంకా బైకు ఎక్కితే మంచం ఎక్కుతావని డాక్టరు చెప్పేశాడు. పొద్దున బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగలేడు. మా మరదలు షెకినా కింద కూర్చుని కట్టేది.

పైసలే తీసుకుందామని ఆమె కొట్లాడేది కూడా ఆ లేసులు కడుతూనే.

ఆమెను తప్పుపట్టలేను. మేం ఉండేది మిషన్ కాంపౌండు క్వార్టరులో. నాయన అక్కడి ఆసుపత్రిలో కాంపౌండరు కాబట్టి ఇచ్చారు. నాయన పోయాడు. క్రిస్మస్ లోపల ఖాళీ చేయమని కమిటీవాళ్ళు చెప్పేశారు. చౌబారా బురుజు వెనక గల్లీలో అంబాదాస్ అనే ఆయన రెండు గదుల ఇల్లు వాయిదాల మీద ఇస్తానన్నాడు. కారు బదులు వచ్చే పైసలు ఆ వాయిదాకు సరిపోతాయి. అంటే, ఒక చేతిలో తమ్ముడి నడుము, ఇంకో చేతిలో మా నెత్తిమీది కప్పు. దీన్నే కంపెనీ 'మీ ఇష్టం' అంటుంది.

"కారు దెచ్చి ఏం జేస్తరు? ఇంటి ముందర పెట్టుకొని చూసుకుంటరా?" అంది షెకినా. "ఇల్లే లేకపోతే ఇంటి ముందర అనేది ఏడుంటది?"

"కార్ల పండుకుందాం తియ్యి," అన్నాడు జీవరాజ్.

"మీరు ముందర పండుకోండ్రి. నేను, వదినె డిక్కీల పండుకుంటం."

నేను అంగన్‌వాడీ ఆయాల సంఘం పని చేసేదాన్ని. బడి చదువు సగంలో పోయింది. కరపత్రాలు చదివి, ఆఫీసుల ముందు కూర్చుని, తన్నులు తిని నేర్చుకున్నదే నా చదువు. మెత్తగా చెప్పడం రాదు.

"రెండూ నీ జీతమే రా. జీతం పెంచుమని అడగరాదు?" అన్నాను.

"ఎవ్వరిని అడగాలె అక్కా? నీ లెక్క నాకేమన్న సంఘం ఉన్నదా?"

"పైసలైతే ఎప్పుడంటె అప్పుడు కోస్తరు. కారైతే ఎప్పుడంటె అప్పుడు గుంజుకపోతరు. రెండిట్ల నీది ఏదున్నది?"

"నడుము నాదక్కా," అన్నాడు.



తేల్చుకోక ముందే ఒకరోజు ఖటక్ చించోళి రోడ్డు మీద ఆ నడుము ఆగిపోయింది. బైకు పక్కన ఎండలో పడి ఉంటే పాల వ్యానువాళ్ళు చూసి, క్యాన్ల మధ్య పడుకోబెట్టి తీసుకొచ్చారు. చొక్కా అంతా పాలు ఒలికి పుల్లటి వాసన. షెకినా ఏడవలేదు. చొక్కా విప్పి ఉతికి ఆరేసింది. మళ్ళీ లేచి నిలబడగలిగిన రోజు పొద్దున ఎప్పటిలాగే అతని కాళ్ళ దగ్గర కూర్చుంది.

"కారే తీసుకోండ్రి," అంది. లేసు ముడి బిగించింది. అంబాదాస్ దగ్గరికి తనే పోయి, ఇల్లు ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పి వచ్చింది.

కారు వచ్చింది. తెల్లటిది. రెండు పక్కలా తలుపుల మీద పచ్చరంగులో కంపెనీ పేరు, దాని కింద రెండాకుల మొలక బొమ్మ. కంపెనీ మనుషులు తప్ప పరాయివాళ్ళు ఎక్కకూడదన్నారు. పెళ్ళాం కూడా పరాయిదేనా అని షెకినా అడిగింది. జీవరాజ్ వినబడనట్టు అద్దం తుడిచాడు.

ఆదివారం గుడి అయ్యాక పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మర్నాడు జీవరాజ్ దాన్ని చింతకికి తీసుకెళ్ళాడు. ఇప్పటి తెలంగాణ సరిహద్దు పక్కనే ఉంటుంది ఆ ఊరు. అక్కడి తెలుగు రైతు రాచయ్య మాకు నాయన కాలం నుంచి తెలుసు. మామా అని పిలుస్తాం. ఆయన కొబ్బరికాయ కొట్టాడు. ఆయన భార్య బసమ్మ బానెట్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

"మేం ప్రార్థన జేయించినం మామా," అన్నాడు జీవరాజ్ నవ్వుతూ.

"మంచిగయింది. ఇంజను మీ దేవుడు చూసుకుంటడు, టైర్లు మా దేవుడు చూసుకుంటడు. దోలు."

నిమ్మకాయలు చిట్లాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ యేడు రాచయ్య కంది తగ్గించి, ఉన్న చేనంతా సోయా వేస్తానన్నాడు. పక్కింటి పీరప్ప కూడా అంతే. "నౌకరోనికే కారిచ్చిన కంపెనీ, ఇత్తనం ఖరాబుది ఇస్తదా?" అన్నాడు పీరప్ప అందరూ వినేలా. తలలు ఊగాయి. జీవరాజ్ తీసుకెళ్ళిన సంచులన్నీ ఆ పూటే అయిపోయాయి.

ఇంటికొచ్చి ఇది చెప్పి సంబరపడుతుంటే నాకు ఒళ్ళు మండింది. "కారు నీ నడుము కోసం ఇచ్చిండ్రు అనుకుంటున్నవా? అది నాలుగు చక్రాల బోర్డు రా. దాన్ని దోలేటందుకు నిన్ను పెట్టిండ్రు."

"అక్కా, నడుము నొప్పి లేకుంట ఇంటికొచ్చిన," అన్నాడు. "ఇయ్యాల ఒక్కరోజు ఊకో."



మిరుగు కార్తె తొలకరి వానలు బాగానే పడ్డాయి. వాన తక్కువైందని తర్వాత కంపెనీ అన్నది పచ్చి అబద్ధం. నల్లరేగడి తడిసి కాలు దిగబడింది. అందరూ విత్తారు. వారం దాటింది, చాళ్ళు నల్లగానే ఉన్నాయి. అక్కడో మొలక, ఇక్కడో మొలక. గట్టు అవతల వేరే కంపెనీ విత్తనం వేసిన చేను పచ్చగా లేచి నిలబడింది.

రైతులు నాకు కబురు పెట్టారు. ఆఫీసుల్లో కన్నడంలో గట్టిగా మాట్లాడే మనిషి కావాలని. జీవరాజ్‌నూ రమ్మన్నారు. నేను బస్సులో పోయాను, వాడు కారులో వచ్చాడు. పరాయిదాన్ని కదా.

ఊరు ఊరంతా రాచయ్య చేనులో ఉంది. జీవరాజ్ ఎవరితో మాట్లాడకుండా చాలులోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో మట్టి తవ్వాడు. గింజ ఉబ్బి, తొక్క ఊడి, చీమిడిలా చేతికంటింది. ఇంకోచోట తవ్వాడు. అదే. ఇంకోచోట. లేవబోతే నడుము లేవనివ్వలేదు. కోపంతో వచ్చిన రైతులే ఇద్దరు చంకల్లో చేతులేసి లేపారు.

అక్కడి నుంచే ఫోన్ చేశాడు. మేనేజరు గొంతు మాకు కూడా వినబడింది. "లోతుగా వేసుంటారు జీవరాజ్ గారూ. వర్షం కూడా తక్కువ. మీరేమీ ఒప్పుకోవద్దు. ముందు కారు జాగ్రత్త."

"వచ్చి చూడండ్రి సార్ ఒక్కసారి."

"చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు.

"చూద్దాం అంటే రాడన్నట్టే," అన్నాడు పీరప్ప. "నువ్వు గూడ కారెక్కి పోతవు. మల్ల మాకు దొరుకుతవా? గాలి దీయుండ్రిరా టైర్లకు!"

"నిమ్మకాయలు పెట్టిన టైర్లురా అవి," అన్నాడు రాచయ్య. ఎవరూ నవ్వలేదు.

మా వైపు పశువుల సంతలో ఒక రివాజు ఉంది. కొన్న ఎద్దు కుంటిదని తేలితే, బేరం కుదిర్చిన దళారి తన నెత్తి రుమాలు తీసి కొన్నవాడి ఇంట్లో పెట్టి పోతాడు. అమ్మినవాణ్ణి పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టేదాకా ఆ రుమాలే జమానతు, అంటే హామీ. బోడినెత్తితో ఊళ్ళో తిరగడం దళారికి చావుతో సమానం, అందుకని ఎట్లాగైనా తీసుకొస్తాడు. జమానతు పెట్టిన వస్తువును ఎవరూ వాడుకోరు, ఎవరూ పాడు చేయరు. ఠాణా, కోర్టు అక్కర్లేకుండా నడిచే న్యాయం అది.

పీరప్ప ఆ మాటే తీశాడు. "దళారి రుమాలు పెడతడు. నువ్వేం పెడతవు సారూ? నీ నెత్తిమీద అది సుత లేకపాయె."

జీవరాజ్ కాసేపు తన చేతికంటిన కుళ్ళిన గింజను ప్యాంటుకు తుడుచుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి బసమ్మ చేతిలో పెట్టాడు.

"మేనేజరు సారు వచ్చి మీ చేన్లు చూసిందాక బండి మీ ఇంట్లనే ఉండనియ్యండ్రి అత్తా."

"బండి నీదేనా?" అని అడిగాడు రాచయ్య.

"నాకే ఇచ్చిండ్రు మామా," అన్నాడు మా తమ్ముడు.

నాకు ఛాతీ పొంగింది. అబద్ధం చెప్పను. ఇన్నేళ్ళు కంపెనీ మనిషిగా తిరిగినవాడు ఆ పూట మనిషిలా నిలబడ్డాడనిపించింది.

తిరుగు బస్సులో నాకు సీటు దొరికింది. వాడు మాత్రం కూర్చోలేక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "పైసలు తీసుకొని ఉంటే బైకుండేది. బైకే పెట్టేటోణ్ణి," అన్నాడు.

"నీ తుక్కు బైకు కోసం హైదరాబాద్ నుంచి ఎవడొస్తడు? కారు కాబట్టే వస్తడు."

"వస్తడు గద అక్కా?"

"వస్తడు."

వచ్చాడు. చేను దగ్గరికి కాదు, ఠాణాకు.

ఆలోపల ఒకసారి చింతకి వెళ్ళి చూశాను. రాచయ్య కొట్టంలో కారు, వానలో బర్రె. బర్రెను బయట కట్టి కారును లోపల పెట్టారు. ధూళి పడకుండా బసమ్మ తన బొంత కప్పింది. రోజూ తీసి దులిపి మళ్ళీ కప్పుతోందట. కోళ్ళు ఎక్కకుండా ముళ్ళకంప అడ్డం పెట్టింది. కంపెనీ షెడ్డులో కూడా దానికి అంత మర్యాద జరిగి ఉండదు.

ఠాణాలో మేనేజరు తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. జీవరాజ్‌ను బెంచీ మీద కూర్చోమన్నారు. దాని మీద కూర్చుంటే లేవలేడు కాబట్టి నిలబడే ఉన్నాడు. నేను, షెకినా గుమ్మం దగ్గర నిలబడ్డాం. కంపెనీ సొత్తును పరాయివాళ్ళకు అప్పగించాడని ఫిర్యాదు.

"జీవరాజ్ గారూ, మీరంటే మాకు గౌరవం," అన్నాడు మేనేజరు. "మీ ముందు రెండు దారులున్నాయి. రైతులు మిమ్మల్ని బెదిరించి కారు లాక్కున్నారని రాయండి. కేసు వాళ్ళ మీదికి పోతుంది, మీ ఉద్యోగం మీకుంటుంది. లేదా నేనే ఇచ్చానని రాయండి. కేసు మీ మీద ఉంటుంది, ఉద్యోగం ఉండదు. మీ ఇష్టం. మీకే వదిలేస్తున్నా."

అదే గొంతు. ఇంట్లో వాడు పెట్టి చూపించిన గొంతే.

"మీ ఇష్టం మీ ఇష్టం అనుకుంట ఎంతమందిని జంపుతరు సారూ?" అన్నాను. నన్ను బయట ఉండమన్నారు. నేను కదల్లేదు.

షెకినా మొగుడి పక్కకు పోయింది. గొంతు తగ్గించి మాట్లాడింది గానీ ఆ గదిలో అందరికీ వినబడింది.

"వాళ్ళే గుంజుకున్నరని రాయుండ్రి. రాచయ్య మామకు బెయిలు దొరుకుతది. మనకు ఇల్లు దొరకది."

జీవరాజ్ ఆమె వైపు చూశాడు. ఆమె అడిగింది అన్యాయం అని నేను ఇప్పటికీ అనను. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. అడిగిన ఒక్క ఇంటినీ మొగుడి వెన్ను కోసం వదులుకున్న మనిషి.

వాడు బల్ల మీద కాగితం పెట్టి, వంగలేక, గోడకు ఆనించి కన్నడంలో రాశాడు. నేనే ఇచ్చాను అని. ఎవరూ బెదిరించలేదు అని.

మర్నాడు పొద్దున బూట్లు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. షెకినా వాటి ముందు నుంచి రెండుసార్లు నడిచి, మూడోసారి తీసి మంచం కిందికి తోసింది.

ఇక రైతుల సంగతి. కేసు తమ్ముడి మీదే ఉంది గనక రైతుల్ని ఎవరూ ముట్టుకోలేరు, కారు వాళ్ళ కొట్టంలోనే ఉంది, ఇప్పుడు గట్టిగా నిలబడితే కంపెనీ నష్టం కట్టి తీరుతుంది. ఇదే చెబుదామని ఆ రోజే బస్సెక్కి చింతకి చేరాను. నాకంటే ముందే కంపెనీ లారీ చేరింది. లారీ నిండా కొత్త విత్తనం సంచులు. మేనేజరు దాని పక్కన నిలబడి రైతులకు కూడా రెండు దారులు చూపిస్తున్నాడు. పాత విత్తనంలో లోపం లేదని వేలిముద్ర వేసి, కారు అప్పగిస్తే సంచికి సంచి ఇప్పుడే ఉచితం. కాదంటే కోర్టుకు పొండి. మీ ఇష్టం.

నేను లారీ ముందుకెళ్ళి గొంతు చించుకున్నాను. "వేలిముద్ర వేస్తే నీ నోరు నువ్వే కుట్టుకున్నట్టు! ఎరువు పైసలు, కూలి పైసలు ఎవడు కడతడు? జీవరాజ్ మీ కోసం నౌకరి పోగొట్టుకున్నడు. ఒక్క నాలుగు రోజులు ఆగుండ్రి!"

వాళ్ళు నన్ను చూడలేదు. ఆకాశం చూస్తున్నారు. మబ్బు కమ్ముకొస్తోంది.

పీరప్ప మొదటి వేలు పెట్టాడు. టైర్ల గాలి తీయమన్న పీరప్పే. వరస కట్టారు.

రాచయ్య నా దగ్గరికొచ్చాడు. "ఎస్తరమ్మా, నువ్వు జెప్పేది నిజమే. నాలుగు రోజులంటున్నవు. నాలుగు రోజులైతే అదను పోతది. ఇప్పుడు ఏస్తే ఏమన్న గింజ వస్తదేమో. జీవరాజుకు ఏ మొఖంతోటి జెప్పాలె నేను?"

"ఏ మొఖమూ అక్కర లేదు. చెప్పకు," అన్నాను.

ఆయనే పోయి కొట్టం ముందు కంప తీశాడు. బసమ్మ బొంత తీసి మడత పెట్టుకుంది. తాళంచెవి ఇచ్చేముందు కొంగుతో తుడిచింది. కంపెనీ డ్రైవరు కారు వెనక్కి తీశాడు. మీద ఒక్క గీత కూడా లేదు. మేనేజరు చుట్టూ తిరిగి చూసి సంతృప్తిగా తల ఊపాడు. బర్రెను మళ్ళీ లోపల కట్టారు.

ఆ రెండో విత్తనం మొలిచింది. ఎదిగింది. కాయ పట్టే వేళకు వాన ముఖం తిప్పుకుంది. గడ్డిలాగా కోసి పశువులకు వేశారు.

కేసున్న కుటుంబం కాంపౌండులో వద్దని కమిటీ క్రిస్మస్ దాకా కూడా ఆగలేదు. అంబాదాస్ ఇల్లు అప్పటికే హైదరాబాద్‌లో ప్లాట్లు అమ్మి పైసలు చేసుకున్నవాడెవడో ఒకేసారి కొనేశాడు. ఊరి చివర రేకుల గదిలోకి మారాం. షెకినా హైదరాబాద్ పోయి ఒక ఆసుపత్రిలో ఆయా పనిలో చేరింది. నెలకోసారి వస్తానంది. మొదటి నెల వచ్చింది. జీవరాజ్‌కు చెక్కబల్ల వేయించాను. వాయిదా ఉన్న రోజున నేనే ఆటోలో పడుకోబెట్టి కోర్టుకు తీసుకెళ్ళేదాన్ని.

వానలు పూర్తిగా వెనక్కి పోయాక ఒక మధ్యాహ్నం, రేకుల గది ముందు తెల్లకారు ఆగింది. తలుపు మీద అదే మొలక బొమ్మ. బానెట్ అంచు కింద, కడిగినవాడి చెయ్యి అందని చోట, కొంచెం కుంకుమ మిగిలి ఉంది.

కొత్త ఆఫీసరు దిగాడు. జీవరాజ్ కంటే పెద్దవాడు, తల నెరిసింది. మర్యాదగా నమస్తే పెట్టాడు. కారుకు రెండో తాళంచెవి మా దగ్గరే ఉండిపోయిందట, తెమ్మన్నారట. అవును, ఉంది. రేకుపెట్టెలో షెకినా పాత గాజుల కింద. తీసి ఇచ్చాను.

"చింతకికి ఎట్ల పోవాలె సార్?" అని అడిగాడు. జీవరాజ్ బల్ల మీద పడుకునే దారి చెప్పాడు. కల్వర్టు దగ్గర గేరు తగ్గించమన్నాడు. ఎడమ చక్రం గుంతలో పడకుండా కుడిపక్కకు పట్టమన్నాడు.

"ఊళ్ళె ఏమన్న లొల్లి జేస్తరా?"

"లేదు సార్. మంచోళ్ళు. నిమ్మకాయలు పెడతరు."

ఆయనకు అర్థం కాలేదు. గుమ్మం దాకా పోయాడు. అప్పుడడిగాడు జీవరాజ్.

"సార్, మీరు కారే కావాలన్నరా? పైసలు వద్దన్నరా?"

"ఇప్పుడు అడుగుతలేరు సార్. కారే ఇస్తుండ్రు. దాని కిరాయి జీతంల కోస్తుండ్రు."

ఆయన బయటికి వెళ్ళి, కారెక్కబోతూ ఆగాడు. బూటు లేసు ఊడింది. చక్రం పక్కన కాలు పెట్టి, వంగి, రెండు చేతులతో తీరిగ్గా ముడి వేసుకున్నాడు. రెండో కాలిదీ విప్పి మళ్ళీ బిగించుకున్నాడు.

జీవరాజ్ తల పక్కకు తిప్పి తెరిచిన తలుపులోంచి అదే చూస్తున్నాడు. కారును కాదు. ఇంకా వంగుతున్న ఆ నడుమును.